ఆఫీస్ లైసెన్స్‌ను కొత్త కంప్యూటర్‌కు మార్చుకోవడం: చిన్న కార్యాలయాలకు సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019 వెర్షన్లకు కూడా అదే రోజున మద్దతు ఆగిపోయింది. పాత ప్రాసెసర్ల మీద, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని బోర్డుల మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు కాబట్టి, విశాఖపట్నంలో దొండపర్తి మొదలుకొని గాజువాక ఆటోనగర్ దాకా ఎన్నో చిన్న కార్యాలయాలు ఏళ్ల తరబడి నమ్ముకున్న యంత్రాలను పక్కనపెట్టి కొత్తవి కొనవలసి వస్తోంది. సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి ఈ అవసరం ఇంకా ముందే ఎదురవుతుంది. ఉప్పుగాలికి చిలుము పట్టిన మదర్‌బోర్డును ఒకసారి విప్పి చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

కొత్తది కొన్నాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పాతదాంట్లో ఉన్న ఆఫీస్ కొత్తదాంట్లోకి వస్తుందా? షాపులో అడిగితే "వేసేద్దాం సార్" అంటారు. వేయడం పెద్ద పని కాదు, అరగంటలో అయిపోతుంది. అయితే ప్రోగ్రాం వేరు, దాన్ని వాడుకునే హక్కు వేరు. సామాను దించుకున్నంత మాత్రాన ఇల్లు మన పేరున రిజిస్టర్ కానట్టే, వర్డ్, ఎక్సెల్ తెరుచుకున్నంత మాత్రాన లైసెన్స్ మారినట్టు కాదు. ఒక చిన్న క్లియరింగ్ ఏజెన్సీలో 11 కంప్యూటర్ల బాగోగులు చూసే నాకు ఈ పనిలో ఎక్కువ సమయం ఇన్‌స్టలేషన్ దగ్గర ఎప్పుడూ పోలేదు. మన దగ్గరున్నది ఏ రకం లైసెన్సో, అది ఎవరి ఖాతాలో ఉందో తేల్చుకోవడానికే పోయింది. అందుకే ఇక్కడ కూడా ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదటి మెట్టు: మీ లైసెన్స్ ఏ రకమో తేల్చుకోవడం

పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే వర్డ్ తెరిచి, పైన ఎడమవైపు ఉన్న "ఫైల్" నొక్కి, అందులో "అకౌంట్" పేజీకి వెళ్లండి. కుడివైపు ఉత్పత్తి పేరు, దాని కింద అది యాక్టివేట్ అయిందా లేదా అన్న మాట కనిపిస్తాయి. "బిలాంగ్స్ టు" అని ఒక ఈమెయిల్ చిరునామా కూడా కనిపిస్తే, ఆ పేజీని అలాగే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత జరిగే ప్రతి పనికీ ఆ ఫొటోయే ఆధారం.

ఉత్పత్తి పేరు "మైక్రోసాఫ్ట్ 365" అని ఉంటే అది చందా రకం. అన్నిటికంటే తేలికగా మారేది ఇదే. పర్సనల్ చందాలో ఒక వ్యక్తి తన ఖాతాతో ఎన్ని పరికరాల్లోనైనా ఆఫీస్‌ను వేసుకోవచ్చు, కాకపోతే ఒకేసారి ఐదింటిలోనే సైన్ ఇన్ అయి ఉండగలరు. ఫ్యామిలీ చందాను ఆరుగురి దాకా పంచుకోవచ్చు. ఇక్కడ లైసెన్స్ మనిషికి అంటుకొని ఉంటుంది, యంత్రానికి కాదు. అందువల్ల దాన్ని "మార్చడం" అంటూ ఏమీ ఉండదు, ఒకచోట సైన్ అవుట్ అయి మరోచోట సైన్ ఇన్ కావడమే.

పేరులో 2019, 2021, 2024 వంటి సంవత్సరం ఉంటే అది సాధారణంగా ఒకసారి డబ్బు కట్టి కొన్న రకం. ఇందులో మళ్లీ రెండు తెగలున్నాయి, చిక్కంతా ఇక్కడే ఉంది. పెట్టెలోనో, కార్డు రూపంలోనో, ఆన్‌లైన్‌లోనో విడిగా కొన్నదాన్ని రిటైల్ అంటారు. రిటైల్ లైసెన్స్‌ను మీకే చెందిన మరో కంప్యూటర్‌కు మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉంది. అయితే 90 రోజుల్లో ఒకసారికి మించి మార్చకూడదు, హార్డ్‌వేర్ చెడిపోయినప్పుడు మాత్రం ఈ గడువు వర్తించదు. 2013లో ఆఫీస్ 2013 వచ్చినప్పుడు రిటైల్ కాపీ కూడా మొదట వేసిన యంత్రానికే పరిమితమని రాశారు. కొన్నవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అదే ఏడాది మార్చిలో ఆ షరతును సడలించారు. ఈ హక్కు వెనుక అంత కథ ఉంది కాబట్టి, "ఒకసారి వేస్తే ఇక కదలదు" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మనక్కరలేదు.

రెండో తెగ ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన ఆఫీస్, అంటే ఓఈఎం. ఇది ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. అదే ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి ఎన్నిసార్లైనా మళ్లీ వేసుకోవచ్చు గానీ వేరే ల్యాప్‌టాప్‌కు తీసుకెళ్లే హక్కు లేదు. పెట్టె మీద "లైఫ్‌టైం" అని రాసి ఉంటుంది. ఆ జీవితకాలం కొన్నవాడిది కాదు, ల్యాప్‌టాప్‌ది. రిటైలా, ఓఈఎమ్మా అన్న అనుమానం వస్తే బిల్లు చూడటం అన్నిటికంటే మేలైన పద్ధతి. ఆఫీస్‌కు బిల్లులో విడిగా ఒక వరుస, ధర, జీఎస్‌టీ ఉంటే అది విడిగా కొన్నదని అర్థం. ల్యాప్‌టాప్ వరుసలోనే కలిసిపోయి ఉంటే ఆశ వదులుకోవచ్చు. షాపులిచ్చే థర్మల్ కాగితం బిల్లు మీద అచ్చు కొంతకాలానికి మాసిపోతుంది కాబట్టి, కొన్న రోజే దాన్ని స్కాన్ చేసి దాచుకోవడం అవసరం.

బిల్లు దొరకకపోతే కంప్యూటర్‌నే అడగవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, సీ డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైల్స్ కింద మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫోల్డర్‌లో ఉండే "ఆఫీస్16" ఫోల్డర్‌లోకి వెళ్లాలి. 32 బిట్ ఆఫీస్ అయితే ఇది "ప్రోగ్రాం ఫైల్స్ ఎక్స్86" కింద ఉంటుంది. అక్కడ సీస్క్రిప్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఓఎస్‌పీపీ డాట్ వీబీఎస్ అని రాసి, మరో ఖాళీ వదిలి, స్లాష్ డీస్టేటస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే జవాబులో లైసెన్స్ పేరు, వివరణ, ప్రోడక్ట్ కీలోని చివరి ఐదు అక్షరాలు ఉంటాయి. పూర్తి కీలో 25 అక్షరాలుంటాయి, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. ఈ చివరి గుంపు ఒక్కటి తెలిసినా ఏ లైసెన్స్ ఏ యంత్రానిదో పోల్చుకోవచ్చు.

ఆ జవాబులో "వాల్యూమ్" అన్న మాట కనిపిస్తే కొంచెం ఆగాలి. అది పెద్ద సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కార్యాలయాలు ఒప్పందం మీద తీసుకునే రకం. అటువంటి చోట మార్పిడి మీ చేతిలో ఉండదు, ఐటీ విభాగం వారే చేయాలి. వాల్యూమ్‌లో కేఎంఎస్ అనే పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది, సంస్థలోని సర్వర్‌తో మాట్లాడి అది తనంతట తానే పొడిగించుకుంటూ పోతుంది. ఇప్పుడు అసలు సంగతి: ఏ ఒప్పందమూ లేని మూడు కుర్చీల కార్యాలయంలో డీస్టేటస్ జవాబు కేఎంఎస్ అని చెబితే, దాదాపు ఎప్పుడూ అది ఎవరో క్రాక్ చేసి వేసిన కాపీయే. మార్చుకోవడానికి అక్కడ లైసెన్సే లేదు. తెలిసి అటువంటి కాపీని వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అందులోనూ క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్‌ను ఆపమంటారు. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో అలా చేయడం నా దృష్టిలో చట్టం కంటే పెద్ద ప్రమాదం.

ఒప్పందం విషయంలో ఇంకొక్క మాట. "హోమ్ అండ్ స్టూడెంట్" రకం వ్యాపారానికి వాడటానికి ఇచ్చినది కాదు, అందులో అవుట్‌లుక్ కూడా రాదు. కార్యాలయానికి తగినది "హోమ్ అండ్ బిజినెస్".

రెండో మెట్టు: లైసెన్స్ ఎవరి ఖాతాలో ఉంది?

ఆఫీస్ 2013 నుంచి కార్డు మీది కీ ఒక్కసారికే పనికొస్తుంది. దాన్ని సెటప్ డాట్ ఆఫీస్ డాట్ కామ్‌లో నమోదు చేసిన క్షణాన లైసెన్స్ ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాకు చేరిపోతుంది. ఆ తర్వాత కార్డును బీరువాలో పెట్టి తాళం వేసినా, దాని విలువ కొన్నామన్న సాక్ష్యం వరకే. చాలామంది పాత కార్డు తీసి అదే కీని కొత్త కంప్యూటర్‌లో కొట్టి, "ఇది ముందే వాడేశారు" అన్న జవాబు చూసి కంగారు పడతారు. వాడింది వారే.

మా కార్యాలయంలో జరిగింది చెబుతాను. ఒక కంప్యూటర్‌కు రిటైల్ కాపీ కొన్నాం, డబ్బు కట్టాం, బిల్లు ఉంది, వెండి పూత గీకిన కార్డూ ఉంది. నాలుగేళ్ల తర్వాత మార్చబోతే "బిలాంగ్స్ టు" దగ్గర మాకు తెలియని జీమెయిల్ చిరునామా కనిపించింది. అమ్మిన షాపు నుంచి వచ్చి వేసిన కుర్రాడు, ఆ రోజు మావాళ్లు ఎవరూ మెయిల్ చెప్పేంత తీరిగ్గా లేకపోవడంతో, తన సొంత చిరునామాతో నమోదు చేసేశాడు. దురుద్దేశం ఏమీ లేదు, పని తెమిలిపోవాలని చేశాడు. అతను అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు; నంబరు వెతికి పట్టుకొని, అతను ఫోన్‌లో చెప్పిన కోడ్‌తో సైన్ ఇన్ అయి పని పూర్తి చేసేసరికి మూడు రోజులు పట్టింది. మంచివాడు కాబట్టి చెప్పాడు.

కాబట్టి మార్పిడికి ముందే ఆ ఖాతాలోకి వెళ్లి చూడండి. అకౌంట్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌లో సైన్ ఇన్ అయి, "సర్వీసెస్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్" పేజీలో మీ ఆఫీస్ పేరు ఉందో లేదో గమనించండి. ఒకసారి కొన్న రకమైతే ప్రోడక్ట్ కీ చూసే వీలూ అక్కడే ఉంటుంది. అక్కడ కనిపించే కీ, కార్డు మీది కీ ఒకటి కాకపోవచ్చు. అది పొరపాటు కాదు, మైక్రోసాఫ్ట్ తీరే అంత. డీస్టేటస్‌లో వచ్చిన చివరి ఐదు అక్షరాలను పోల్చవలసింది ఈ పేజీలోని కీతోనే.

పాస్‌వర్డ్ మరిచిపోయినా, కోడ్ వచ్చే ఫోన్ నంబరు ఉద్యోగం మానేసిన గుమాస్తాదైనా, ఈ పని వెంటనే మొదలుపెట్టాలి. ఖాతాలోని భద్రతా సమాచారాన్ని మొత్తంగా మార్చవలసి వస్తే 30 రోజులు ఆగమంటారు. కొత్త కంప్యూటర్ బల్ల మీదికి వచ్చాక ఆ 30 రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం కంటే, కొనాలని అనుకున్న రోజునే చూసుకోవడం నయం. కార్యాలయం పేరుతో ఒక ప్రత్యేక మెయిల్ తెరిచి, యజమాని ఫోన్ నంబరును దానికి జతచేసి, ఇకమీదట కొనేవన్నీ అందులోనే నమోదు చేయించండి.

మూడో మెట్టు: లైసెన్స్‌తో పాటు రానివాటిని దాచుకోవడం

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను అందరూ కాపీ చేసుకుంటారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. అవుట్‌లుక్ వాడేవారు డాక్యుమెంట్స్‌లో "అవుట్‌లుక్ ఫైల్స్" అనే ఫోల్డర్‌లోని పీఎస్‌టీ ఫైళ్లను (మెయిల్ దాచి ఉండే ఫైళ్లు), అవుట్‌లుక్ మూసి ఉన్నప్పుడు కాపీ చేసుకోవాలి. ఓఎస్‌టీ ఫైళ్లను, అంటే సర్వర్‌లోని మెయిల్‌కు కంప్యూటర్‌లో ఉండే నకళ్లను, తీసుకెళ్లి లాభం లేదు. సర్వర్ నుంచి అవి కొత్త యంత్రంలో తిరిగి తయారవుతాయి. రన్ విండోలో రెండు శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని కొడితే తెరుచుకునే ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్ కింద సిగ్నేచర్లు, టెంప్లేట్లు, సొంతంగా చేర్చుకున్న పదాల నిఘంటువు, ఎక్సెల్ మాక్రోలు ఉంటాయి. ఏది ఎక్కడుందో వెతుక్కోవడం కంటే ఆ మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌ను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, కావలసినవి తర్వాత ఏరుకోవచ్చు.

తెలుగులో పని చేసే కార్యాలయాలు మాత్రం ఇంకాస్త జాగ్రత్త పడాలి. పాత ఉత్తరాలు, కరపత్రాలు, లీజు పత్రాలు అను ఫాంట్లలో ఉంటే, అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షర పద్ధతి) కావు. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తెలుగు అక్షరం బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వరుస కనిపిస్తుంది. ఫైల్ చెడిపోయిందని దాన్ని తీసేయకండి. మీకు లైసెన్స్ ఉన్న అను సాఫ్ట్‌వేర్‌ను వేయగానే అదే ఫైల్ మళ్లీ తెలుగై కూర్చుంటుంది. యూనికోడ్‌లో రాసుకున్నవారికీ చిన్న తిరకాసు ఉంది. ఒకప్పుడు విండోస్‌తో మామూలుగా వచ్చిన గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి అదనపు ఫాంట్లలో చేరాయి. అవి లేకపోతే వర్డ్ వాటి స్థానంలో మరో ఫాంట్‌ను వాడుతుంది, అక్షరాల వెడల్పు మారుతుంది, ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి రెండు వరుసలు జారుతుంది, సంతకం విడిగా మిగులుతుంది. సెట్టింగ్స్‌లో "ఆప్షనల్ ఫీచర్స్"కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లను చేర్చుకుంటే సరిపోతుంది.

నాలుగో మెట్టు: పాతదాంట్లోంచి తీసేయడం

చందా రకమైతే రెండో మెట్టులో చెప్పిన మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌పేజీలో పాత కంప్యూటర్ పేరు ఎదురుగా సైన్ అవుట్ నొక్కితే చాలు. ఇది ఇంటి దగ్గర నుంచి కూడా చేయవచ్చు. ఒకసారి కొన్న రకమైతే పాత యంత్రంలో సెట్టింగ్స్, యాప్స్‌కు వెళ్లి ఆఫీస్‌ను అన్ఇన్‌స్టాల్ చేయాలి. ఇలా చేస్తే ప్రోగ్రాం పోతుంది గానీ మీ పత్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక లైసెన్స్‌ను రెండు యంత్రాల్లో ఉంచుకోకూడదన్న షరతు ఈ పనితోనే తీరుతుంది కాబట్టి దీన్ని వాయిదా వేయవద్దు.

పాత కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయి ఉంటే తీసేయడానికి ఏమీ ఉండదు, నేరుగా కొత్తదానికి వెళ్లవచ్చు. దాని డిస్క్‌ను బయటకు తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయిన యంత్రాలకు అది తరచుగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది.

ఐదో మెట్టు: కొత్తదాంట్లో వేయడం

కొత్త ల్యాప్‌టాప్‌లో ఆఫీస్ ఏదో ఒకటి ముందే ఉంటుంది. అది ట్రయలా, లేక మీరు కట్టిన ధరలో కలిసి వచ్చిన పూర్తి లైసెన్సా అన్నది ముందు చూడండి. పూర్తి లైసెన్స్ అయితే, దాన్ని గడువు లోపల నమోదు చేసుకుని, పాత రిటైల్ కాపీని మరో కంప్యూటర్ కోసం దాచుకోవచ్చు. ట్రయల్ అయితే అన్ని భాషల కాపీలతో సహా తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. రెండు రకాల ఆఫీస్ ఒకే యంత్రంలో ఉంటే యాక్టివేషన్ దగ్గర ఒకదాని లైసెన్స్‌ను మరొకటి అడుగుతుంది, తేలని తలనొప్పులు చాలా వరకు ఇక్కడే పుడతాయి.

తర్వాత మళ్లీ మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌పేజీకి వెళ్లి అక్కడి నుంచే ఇన్‌స్టాల్ నొక్కండి. సెర్చ్‌లో దొరికే డౌన్‌లోడ్ లింకుల జోలికి పోవద్దు. పాత ప్రింటర్ యాడ్‌-ఇన్‌లు, 32 బిట్‌లో మాత్రమే నడిచే ఎక్సెల్ మాక్రోలు లేకపోతే 64 బిట్‌నే ఉంచండి.

ఆరో మెట్టు: యాక్టివేషన్

వర్డ్ తెరిచి, లైసెన్స్ ఉన్న ఖాతాతో సైన్ ఇన్ అవ్వండి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, విండోస్‌లో ఉన్న సొంత ఖాతాతోనే ముందుకు పోవడం. అప్పుడు "అన్‌లైసెన్స్‌డ్ ప్రోడక్ట్" అని వస్తుంది. లైసెన్స్ లేక కాదు, అది వేరే ఖాతాలో ఉండబట్టి. సంస్థ ఇచ్చిన బిజినెస్ ఖాతాను సొంత ల్యాప్‌టాప్‌లో వాడుతుంటే, పరికరాన్ని సంస్థ నిర్వహించవచ్చా అని ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ యాప్‌కు మాత్రమే సైన్ ఇన్ అన్నదాన్ని ఎంచుకోండి.

అయినా యాక్టివేట్ కాకపోతే ముందు కంప్యూటర్ తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూడండి, వీపీఎన్ ఉంటే ఆపండి. పరిమితి మించిందన్న సందేశం వస్తే పాతదాంట్లో అన్ఇన్‌స్టాల్ అయిందో లేదో చూసుకొని, బిల్లు దగ్గర పెట్టుకొని మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను సంప్రదించండి. అటువైపు వారు అడిగేవి కొన్న తేదీ, ఖాతా చిరునామా, కీ వివరాలు. మొదటి మెట్టులో తీసిన ఫొటో ఇక్కడ పనికొస్తుంది. యాక్టివేషన్ లేకుండా వదిలేస్తే కొన్నాళ్లకు ఫైళ్లను చదవడం, ప్రింట్ తీయడం వరకే వీలుంటుంది, దిద్దడం కుదరదు. చందా రకంలో యాక్టివేట్ అయ్యాక కూడా కనీసం 30 రోజులకొకసారి ఇంటర్నెట్ తగలాలి. నెలల తరబడి గోదాములో నెట్ లేకుండా ఉండే కంప్యూటర్‌కు అందుకే ఒకసారి కొనే రకమే మంచిది.

అదే యంత్రంలో ట్యాలీ కూడా ఉంటే దాని వరస వేరని గుర్తుంచుకోండి. ట్యాలీలో పాత కంప్యూటర్ నుంచి లైసెన్స్‌ను ముందుగా సరెండర్ చేసి, ఆ తర్వాతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పాత యంత్రాన్ని ఫార్మాట్ చేసేశాక ఈ సంగతి గుర్తొస్తే ఆ రోజు లెక్కలు ఆగిపోతాయి.

చివరి మెట్టు: పాత యంత్రాన్ని ఎప్పుడు ఖాళీ చేయాలి?

ఒక ఎక్సెల్ షీటులో ఏ కంప్యూటర్, ఏ రకం లైసెన్స్, కీ చివరి ఐదు అక్షరాలు, ఖాతా చిరునామా, మార్చిన తేదీ రాసుకోండి. 90 రోజుల లెక్కకు ఆ తేదీ కావాలి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయవద్దు.

పాత కంప్యూటర్‌ను అదే రోజు ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకండి. కార్యాలయంలో కొన్ని ఫైళ్లు నెలకొకసారే తెరుచుకుంటాయి. జీఎస్‌టీ రిటర్నులైన జీఎస్‌టీఆర్-1ను నెలలో 11న, 3బిని 20న వేసేవారు, ఆ రెండు తేదీలూ కొత్త యంత్రం మీద ఒకసారి దాటేదాకా పాతదాన్ని ఆఫీస్ లేకుండానే ఒక మూల ఉంచండి. మా దగ్గర ఒకసారి 19వ తేదీ సాయంత్రం, డెస్క్‌టాప్ మీద కాకుండా సీ డ్రైవ్‌లో ఎవరో పెట్టుకున్న ఒక ఫోల్డర్ కోసం, మూలన పెట్టిన పాత సీపీయూకు మళ్లీ మానిటర్ తగిలించాం. 21న దాన్ని రీసెట్ చేసి, అంతా తీసేయడమనే ఎంపికతో పాటు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికనూ పెట్టి, రాత్రంతా నడవనిచ్చి, మర్నాడు ఇచ్చేశాం.